ముందు పన్ను విరిగితే ఏం చేయాలి?

హాస్టల్లో చదువుకున్న వాళ్ళెవరినైనా అడిగి చూడండి. మోకాలి మీద ఒక మచ్చో, నుదుటి మీద ఒక గాటో తప్పకుండా చూపిస్తారు. ఆ గాయాలన్నీ మానిపోయినవే. తెగిన చర్మం కలుస్తుంది, విరిగిన ఎముక అతుక్కుంటుంది. పన్ను మాత్రం అలా కాదు. పాల పళ్ళు ఊడిపోయాక వచ్చే శాశ్వత దంతం ఒకసారి విరిగితే, విరిగిన మేర మళ్ళీ పెరగదు. ఆ పన్ను జీవితాంతం మనతో ఉండాల్సింది.

మేము ఇలాంటి సాంఘిక సంక్షేమ హాస్టల్లోనే ఉండి చదువుకున్నాము. దంత వైద్యంలో డిగ్రీ పూర్తి చేసి, ఇప్పుడు పిల్లల దంత వైద్యంలో పి.జి. చేస్తున్నాము. మా ఇంట్లో డిగ్రీ పట్టా అన్నది మాతోనే మొదలు. వార్షికోత్సవ సంచికకు ఏం రాయాలా అని ఆలోచిస్తే, మేము చదివిన పాఠాల్లో హాస్టల్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు అన్నిటికన్నా ముందు పనికొచ్చేది ఇదే అనిపించింది. పిల్లల ముందు పన్ను విరిగినప్పుడు దాన్ని కాపాడేది మొదట డాక్టరు కాదు. ఆ నిమిషంలో పక్కనున్న వాళ్ళు. హాస్టల్లో అమ్మానాయన పక్కన ఉండరు. మన అనంతపురం కరువు పల్లెల్లో చాలా ఇళ్ళల్లో వాళ్ళు ఊళ్ళో కూడా ఉండరు, బెంగళూరు వైపు పనులకు పోయి ఉంటారు. కాబట్టి ఆ పక్కనున్న వాళ్ళు మీరే.

ఎవరికి ఎక్కువ, ఎలా విరుగుతాయి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం నోటికీ పళ్ళకూ దెబ్బ తగిలిన వాళ్ళు ప్రపంచంలో సుమారు 100 కోట్ల మంది. 12 ఏళ్ళ లోపు పిల్లల్లో దాదాపు నూటికి 20 మంది ఈ దెబ్బలకు గురవుతున్నారు. అన్ని పళ్ళలోకీ ఎక్కువగా దెబ్బతినేవి పైదవడ మధ్యలో ఉండే రెండు పళ్ళు. వీటినే మన జీవశాస్త్రం పుస్తకంలో కుంతకాలు అని చదువుకున్నాము. ఎత్తు పళ్ళు ఉన్నవాళ్ళకు, అంటే పై పళ్ళు పెదవి దాటి ముందుకు వచ్చినవాళ్ళకు, ప్రమాదం ఇంకా ఎక్కువ. దెబ్బను ఆపే పెదవి వాళ్ళకు అడ్డం ఉండదు.

కారణాలు మనకు తెలియనివి కావు. కబడ్డీలో కూతకు పోయి నేల మీద బోర్లా పడడం, స్నానాల గది దగ్గర తడి బండల మీద జారడం, బోరింగు కొట్టేటప్పుడు పిడి ఎగిరి మూతికి తగలడం, నీళ్ళు తాగుతుంటే వెనుక నుంచి ఎవరో తోయగా స్టీలు గ్లాసు పళ్ళకు కొట్టుకోవడం, చింతచెట్టు మీద నుంచి పడడం. వీటికి తోడు మనం చేతులారా చేసుకునేవి కొన్ని ఉన్నాయి. సోడా సీసా మూత పళ్ళతో తీయడం, పెన్ను మూత కొరకడం, చింతగింజలు పళ్ళతో పగలగొట్టడం లాంటివి.

పన్ను లోపల ఏముంది?

పన్నుకు మూడు పొరలు. పైన తెల్లగా గట్టిగా ఉండేది ఎనామెల్, అంటే పింగాణి పొర. దానికి ప్రాణం లేదు, నొప్పి లేదు. దాని కింద కాస్త పసుపుగా ఉండేది డెంటిన్. డెంటిన్ నిండా కంటికి కనపడని సన్నని గొట్టాలుంటాయి. అందుకే అది బయటపడితే చల్లనీళ్ళు తగిలినా జివ్వుమంటుంది. అన్నిటికన్నా లోపల ఉండేది పల్ప్. రక్తనాళాలు, నరాలు ఉండే ఈ మెత్తని గుజ్జే పంటి ప్రాణం.

ఇక్కడే ముఖ్యమైన సంగతి ఒకటుంది. మధ్య కుంతకాలు 7, 8 ఏళ్ళకు, వాటి పక్కవి 8, 9 ఏళ్ళకు చిగురు దాటి బయటికి వస్తాయి. బయటికి వచ్చింది కదా, పన్ను పూర్తయిపోయింది అనుకుంటాము. కాదు. లోపల దాని వేరు ఇంకా పెరుగుతూనే ఉంటుంది. పన్ను కనిపించిన తరువాత ఇంకో రెండు మూడేళ్ళకు గానీ వేరు పొడవు పూర్తయి దాని కొన మూసుకోదు. అప్పటిదాకా వేరు గోడలు పలుచగా, కొన గరాటులాగా తెరుచుకొని ఉంటుంది. ఆ గోడలను మందంగా కట్టేది, ఆ కొనను మూసేది లోపలి పల్పే.

దీన్ని ఇల్లు కట్టడంతో పోల్చవచ్చు. గోడలు సగం లేచాక మేస్త్రీ చనిపోతే ఇల్లు అక్కడే ఆగిపోతుంది. అలాగే తొమ్మిదేళ్ళకు పల్ప్ చచ్చిపోతే వేరు అక్కడే ఆగిపోతుంది. పలుచని గోడల పన్ను తరువాత చిన్న దెబ్బకే చిగురు దగ్గర విరిగిపోవచ్చు. మన హాస్టళ్ళలో మూడో తరగతి నుంచి పిల్లలుంటారు. అంటే సరిగ్గా ఈ వయసు వాళ్ళే. అందుకే పిల్లల పన్ను విరిగితే వైద్యంలో మొదటి ప్రయత్నమంతా పల్ప్‌ను బతికించడం కోసమే.

ఎంత విరిగింది? దానికేం వైద్యం?

ఒకటి, పింగాణి పొర మాత్రమే కొస విరగడం. నొప్పి ఉండదు, నాలుకకు గరుకు తగులుతుంది. డాక్టరు అంచు నున్నగా అరగదీస్తారు, లేదా పంటి రంగు సిమెంటు లాంటి కాంపోజిట్‌తో ఆ మేర నింపుతారు.

రెండు, డెంటిన్ దాకా విరగడం. విరిగిన చోట మధ్యలో పసుపురంగు కనపడుతుంది, చల్లనిది, తీపి తగిలితే జివ్వుమంటుంది. తెరుచుకున్న ఆ గొట్టాల గుండా సూక్ష్మజీవులు పల్ప్ వైపు పోగలవు. కనుక దాన్ని త్వరగా మూసెయ్యాలి. విరిగిన ముక్క దొరికితే దాన్నే మళ్ళీ అతికించవచ్చు. దొరక్కపోతే కాంపోజిట్‌తో పన్నును తిరిగి తీర్చిదిద్దుతారు. సాధారణంగా ఒక్క పూటలో అయ్యే పని ఇది. 1955లో అమెరికాలో బ్యూనోకోర్ అనే దంత వైద్యుడు పింగాణి మీద కొద్దిసేపు ఆమ్లం పూస్తే దానికి గరుకుదనం వచ్చి రెసిన్ గట్టిగా పట్టుకుంటుందని కనుగొన్నాడు. ఈనాడు మనం చూసే అతికింపు పనులన్నిటికీ మూలం అదే.

మూడు, పల్ప్ బయటపడడం. విరిగిన చోట మధ్యలో ఎర్రని చుక్క కనిపిస్తుంది, రక్తం కారుతుంది. దీన్ని చూడగానే చాలామంది 'నరం బయటపడింది, పన్ను పీకించెయ్యాలి' అంటారు. అది తప్పు. వేరు ఇంకా పెరుగుతున్న పిల్లల్లో పల్ప్ అంతా తీయనవసరం లేదు. మత్తు ఇచ్చి, పైపైన ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర మాత్రం తీసి, మిగిలిన ఆరోగ్యమైన పల్ప్ మీద కాల్షియం హైడ్రాక్సైడ్ గానీ, ఎం.టి.ఎ. అనే మందు సిమెంటు గానీ పెట్టి మూసేస్తారు. లోపలి పల్ప్ బతికి వేరు కట్టే పని కొనసాగిస్తుంది. స్వీడన్‌లో పనిచేసిన మియోమిర్ స్వెక్ అనే వైద్యుడు 1978లో ఇలా వైద్యం చేసిన 60 పళ్ళ ఫలితాలు ప్రచురించారు. వాటిలో 96 శాతం మానాయి. అందులో దెబ్బ తగిలిన రోజునే వచ్చినవే కాదు, రోజులు గడిచాక వచ్చినవి కూడా ఉన్నాయి. అంటే తొందరగా పోవడం మంచిదే గానీ, ఆలస్యమయిందని ఆశ వదులుకోకూడదు.

పల్ప్ పూర్తిగా చచ్చిపోతే? వేరు పూర్తయిన పెద్ద పిల్లలకు మామూలు రూట్ కెనాల్ చేస్తారు. వేరు కొన తెరుచుకొని ఉన్న చిన్న పిల్లలకు అలా కుదరదు. అడుగు లేని గొట్టంలో ఎంత నింపినా అవతలికి పోతుంది కదా. అందుకే ముందు ఆ కొనకు ఒక అడ్డుగోడ కట్టాలి. పూర్వం కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టి, మారుస్తూ నెలల తరబడి ఎదురుచూసేవారు. 1990లలో అమెరికాలో తొరాబినెజాద్ బృందం ఎం.టి.ఎ.ను తెచ్చాక ఒకటి రెండు సార్లలోనే ఆ అడ్డుగోడ కట్టడం వీలయింది.

క్యాప్ గురించి కూడా ఒక మాట. 'ఒక క్యాప్ వేయించేస్తే పోతుంది కదా' అని పెద్దవాళ్ళు అడుగుతారు. పిల్లల్లో పన్ను ఇంకా బయటికి వస్తూ, చిగురు కిందికి జరుగుతూ ఉంటుంది. పల్ప్ కూడా వెడల్పుగా ఉంటుంది. క్యాప్ కోసం పన్ను చుట్టూ అరగదీస్తే ఆ పల్ప్‌కే ప్రమాదం. అందుకని ముందు పళ్ళకు శాశ్వతమైన క్యాప్‌ను వీలైనంత వరకు 18 ఏళ్ళు దాటాకే వేస్తారు. అప్పటిదాకా కాంపోజిట్ చాలు. రాలిపోతే మళ్ళీ పెట్టించుకోవచ్చు.

పన్ను మొత్తం ఊడి చేతిలోకి వస్తే

ఇది అన్నిటికన్నా అత్యవసరం. ఊడిన శాశ్వత దంతాన్ని మళ్ళీ దాని గుంటలోనే పెట్టవచ్చు. చాలామంది నమ్మరు గానీ ఇది నిజం. వేరు చుట్టూ పన్నును ఎముకకు పట్టి ఉంచే సన్నని పొర ఒకటి ఉంటుంది. పన్ను ఊడినప్పుడు ఆ పొరలోని కణాలు వేరుకు అంటుకొని బయటికి వస్తాయి. అవి బతికి ఉంటే పన్ను మళ్ళీ పట్టుకుంటుంది. ఎండితే అవి చచ్చిపోతాయి.

డెన్మార్క్‌కు చెందిన ఆండ్రియాసెన్, ఆయన సహచరుడు 1966లో ఇలా తిరిగి పెట్టిన 110 పళ్ళను పరిశీలించి ఫలితాలు ప్రకటించారు. 30 నిమిషాల లోపు పెట్టిన పళ్ళలో 90 శాతం వేరు కరగకుండా నిలిచాయి. రెండు గంటలు దాటాక పెట్టినవాటిలో 95 శాతం వేర్లు కరగడం మొదలయింది. పన్ను పొడిగా బయట ఉండడానికి 60 నిమిషాలను ఈనాటికీ హద్దుగా చెబుతారు. గంట దాటినా పారేయకూడదు. పిల్లల్లో అప్పుడు కూడా పెట్టి చూస్తారు. కొన్నేళ్ళు నిలిచినా ఆ చోట ఎముక నిలబడుతుంది, నవ్వు నిలబడుతుంది.

వెంటనే చేయవలసినవి

1. ముందు పిల్లవాడిని చూడండి, తరువాత పన్నును. స్పృహ తప్పినా, వాంతి చేసుకున్నా, ముక్కు చెవుల నుంచి రక్తం వచ్చినా, పై కింది పళ్ళు మునుపటిలా కలవకపోయినా అది పంటి సంగతి కాదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

2. శుభ్రమైన గుడ్డను మడిచి రక్తం కారేచోట అదిమి పట్టండి. పెదవి వాస్తే పైన చల్లని గుడ్డ వేయండి.

3. ముక్క కోసం వెతకండి. నేల మీద దొరక్కపోతే పెదవి చూడండి. పెదవి చిట్లి వాచి ఉంటే ముక్క అందులోనే దిగి ఉండవచ్చు. ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి, ఎక్స్‌రేలో తెలుస్తుంది.

4. విరిగిన ముక్క అయితే నీళ్ళలోనే వేసి తీసుకుపోవచ్చు. ముక్క ఎండిపోతే రంగు మారుతుంది, అతుకు సరిగా పట్టదు.

5. వేరుతో సహా ఊడిన పన్నయితే తెల్లని పైభాగాన్ని మాత్రమే పట్టుకోండి. వేరును ముట్టుకోవద్దు. మట్టి అంటితే పాలతో గానీ, కొద్ది క్షణాలు చల్లని కుళాయి ధార కింద గానీ తొలపండి. రుద్దవద్దు. తరువాత ముందూ వెనుకా సరిచూసుకొని మెల్లగా గుంటలోకి నెట్టి, శుభ్రమైన గుడ్డను కొరికి పట్టుకోమనండి. అలాగే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

6. పెట్టడానికి ధైర్యం చాలకపోతే పన్నును చల్లని పాలలో వేయండి. హాస్టల్ వంటగదిలో లేకపోతే దగ్గరి టీ అంగడిలో పాలుంటాయి. మామూలు నీళ్ళలో ఉంచితే కణాలు నీరు పీల్చుకొని పగిలిపోతాయి. పాలలో చాలాసేపు బతుకుతాయి. పాలు దొరక్కపోతే ఆ పిల్లవాడినే ఒక గ్లాసులోకి ఉమ్మమని, ఆ ఉమ్మిలో పన్ను మునిగేలా ఉంచండి.

7. ఆ తరువాత ఎక్కడా ఆగకుండా దంత వైద్యుడి దగ్గరికి పోండి. పన్ను మట్టిలో పడితే ధనుర్వాతం టీకా సంగతి కూడా డాక్టరును అడగండి.

ఊడింది పాల పన్నయితే మాత్రం తిరిగి పెట్టకూడదు. లోపల పెరుగుతున్న శాశ్వత దంతానికి దెబ్బ తగులుతుంది. ఆరేళ్ళ లోపు పిల్లల ముందు పళ్ళు చాలా వరకు పాల పళ్ళే. సందేహంగా ఉంటే పాలలో వేసి డాక్టరుకు చూపించండి.

చేయకూడనివి

ఊడిన పన్నును కాగితంలోనో, జేబులోనో, దూదిలోనో చుట్టి తీసుకుపోవద్దు. సబ్బుతో, బ్రష్షుతో కడగవద్దు. గాయం మీద తంబాకు, సున్నం, కాఫీపొడి పెట్టవద్దు. విరిగిన పంటి మీద లవంగ నూనె పోస్తే చిగురు కాలుతుంది. కదులుతున్న పన్నును 'ఎలాగూ పోయేదే' అని లాగేయవద్దు. డాక్టరు సన్నని తీగతో పక్క పళ్ళకు కట్టి రెండు వారాలు ఉంచితే చాలాసార్లు అది గట్టిపడుతుంది. ఆ రెండు వారాలు మెత్తని సంగటి, అన్నం, పప్పు తిని, మెత్తని బ్రష్షుతో నోరు శుభ్రంగా ఉంచుకుంటే చాలు.

నొప్పి తగ్గింది కదా అని ఊరుకుంటే

మా ఓ.పి.కి వచ్చే పిల్లల్లో ఎక్కువ మంది దెబ్బ తగిలిన రోజున వచ్చేవాళ్ళు కాదు. ఏడాదికో, రెండేళ్ళకో పన్ను నల్లబడిందనో, చిగురు మీద చీము పొక్కు లేచిందనో వస్తారు. అడిగితే అందరిదీ ఒకటే మాట. 'రెండు రోజులు నొప్పి ఉండె సార్, మళ్ళీ తగ్గిపాయ.' నొప్పి తగ్గడానికి రెండు అర్థాలున్నాయి. పల్ప్ కోలుకొని ఉండవచ్చు, చచ్చిపోయి ఉండవచ్చు. రెండూ బయటికి ఒకేలా ఉంటాయి. ఏది నిజమో పరీక్షలు, ఎక్స్‌రే చెప్పాలి. అందుకే వైద్యం అయ్యాక కూడా 6 నుంచి 8 వారాలకు ఒకసారి, ఏడాదికి ఒకసారి తప్పక చూపించుకోవాలి. పల్ప్ బయటపడిన పన్నయితే మధ్యలో 3 నెలలకు, 6 నెలలకు కూడా పోవాలి.

తొమ్మిదేళ్ళ పాప ఒకతె విరిగిన ముక్కను నీళ్ళ గ్లాసులో వేసుకొని అదే సాయంత్రం వచ్చింది. వాళ్ళ హాస్టల్ కామాటి అమ్మ దాన్ని వెతికి తీసి వెంటబెట్టుకొని వచ్చింది. ముక్క అతికింది, వేరు పెరుగుతూ ఉంది. అదే నెలలో పదమూడేళ్ళ అబ్బాయి వచ్చాడు. అతని పన్ను నాలుగేళ్ళ కింద విరిగింది. వేరు సగంలో ఆగిపోయింది. మేము అడిగిన ప్రతి ప్రశ్నకూ చేయి అడ్డం పెట్టుకొనే జవాబు చెప్పాడు. తరగతిలో తెలిసిన జవాబు కూడా లేచి చెప్పడట. అతని పన్నును కూడా నిలబెట్టవచ్చు, వైద్యం నడుస్తోంది. కానీ ఆ నాలుగేళ్ళు తిరిగి రావు.

ఇది అందం సంగతి మాత్రమే కాదు. త, థ, ద, ధ, న లను వ్యాకరణంలో దంత్యాలని ఎందుకన్నారో ముందు పన్ను పోయినవాడికి తెలుస్తుంది. మొదటి తరం చదువుకునే పిల్లలకు నోరు తెరిచి మాట్లాడడమే పెద్ద పని. దానికి పన్ను అడ్డం కాకూడదు.

మన నీళ్ళు, మన పళ్ళు

మన జిల్లాల్లో చాలామంది పళ్ళ మీద తెల్లని చారలు, గోధుమరంగు మచ్చలు కనిపిస్తాయి. ఇది భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. మన దేశంలో ఈ వ్యాధిని మొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించి ప్రకటించారు. అనంతపురం పల్లెలకు మంచినీళ్ళిచ్చిన సత్యసాయి తాగునీటి పథకం 1990ల మధ్యలో వచ్చింది.

విరిగిన పంటికీ దీనికీ సంబంధం ఉంది. ఫ్లోరోసిస్ పింగాణి మీద అతికించే ముందు పూసే ఆమ్లం మామూలుగా పనిచేయదు. డాక్టరు ఇంకాస్త ఎక్కువ సేపు పూయాలి, లేదా పైపొర కొంచెం గరుకు చేయాలి. కాంపోజిట్ రంగు కూడా ఆ మచ్చల పంటికి సరిపోయేలా చూడాలి. కనుక మచ్చల పళ్ళకు సిగ్గుపడవద్దు. డాక్టరుతో 'మాది బోరు నీళ్ళ ఊరు' అని చెప్పండి.

ఎక్కడికి పోవాలి? హాస్టల్లో ఏం చేసుకోవాలి?

బత్తలపల్లె అనంతపురం, కదిరి దారిలో ఉంది. మన ఊళ్ళోనే 2000లో మొదలైన ఆర్.డి.టి. ఆసుపత్రి ఉంది. ధర్మవరం దగ్గర. అనంతపురంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. పెద్ద వైద్యం కావాలంటే కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. ఏ ఆసుపత్రిలో దంత డాక్టరు ఏ రోజు, ఏ వేళకు ఉంటారో, రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలో ముందే కనుక్కొని నోటీసు బోర్డు మీద రాసి ఉంచమని వార్డెన్ సార్లను, మేడాలను కోరుతున్నాము. దెబ్బ తగిలాక కనుక్కోవడం మొదలుపెడితే గంట అక్కడే అయిపోతుంది. పాఠశాలకు ఆర్.బి.ఎస్.కె. వైద్య బృందం వచ్చినప్పుడు పళ్ళు కూడా చూపించుకోండి. 2013లో మొదలైన ఆ పథకంలో పిల్లల పంటి సమస్యలు కూడా ఉన్నాయి.

పెద్ద తరగతుల వాళ్ళు ఈ ఏడు సూచనలను ఒక చార్టు మీద రాసి వంటగది దగ్గర, బోరింగు దగ్గర అంటించండి. మూడు, నాలుగు తరగతుల పిల్లలు దెబ్బ తగిలితే తిడతారని దాచుకుంటారు. విరిగిన ముక్కను కూడా భయంతో పారేస్తారు. వాళ్ళను తిట్టకుండా ముందు నోరు చూడండి. ఇంటికి ఫోన్ చేసి అమ్మానాయనకు చెప్పండి. వాళ్ళు దూరంలో ఉంటే డాక్టరు చెప్పిన మళ్ళీ వచ్చే తేదీని మీ నోటు పుస్తకంలో మీరే రాసి పెట్టుకోండి. మాజీ విద్యార్థులైన అన్నలు, అక్కలు ఎవరైనా ఆ రోజుకు ఆటో ఖర్చు పెట్టుకోగలిగితే అంతకన్నా మంచి సాయం ఉండదు.

వచ్చే ఏడు వార్షికోత్సవానికి మేము వస్తాము. అప్పటికి ఆ చార్టు గోడ మీద ఉండాలని, అది ఎవరికీ అవసరం పడి ఉండకూడదని కోరుకుంటున్నాము.